హైదరాబాదు రాజ్యమున పరన్యాయాధికారము: శంకరపల్లి వ్యాజ్యెము

దూత యవధ్యుడను ధర్మము మనవారికి క్రొత్తది కాదు. లంకలో హనుమంతుని జంపుడని రావణుడు పలికినపుడు విభీషణుడు వారించుటయు, దూతకు వధ తగదు గాని తక్కిన దండనములు కలవని యతడే తెలుపుటయు రామాయణము చదివిన ప్రతివారును ఎఱుగుదురు. కౌటిల్యుడును దూతను జంపరాదనియే శాసించెను. కాని యీ రక్షణము ఒక్క మనుష్యునికి, అతడు వచ్చిన పనికి మాత్రమే చెందినది. పని తీరిన పిమ్మట దూత మరలిపోవును. అతనితో రక్షణయు పోవును. ఒక రాజు నేలపై కాపురముండి, అచ్చటనే క్రయవిక్రయములు సాగించుచు, అప్పు లిచ్చి పుచ్చుకొనుచు, తగవులాడుచు, ఒక్కొక్కప్పుడు నేరములును చేయుచు, ఆ రాజు న్యాయస్థానమునకు మాత్రము లోబడని జనసమూహముల సంగతి వేఱు. ఐరోపా ధర్మశాస్త్రజ్ఞులు ఈ రెంటికిని ఒకే పేరు పెట్టుటవలన చిక్కు కలిగినది. రాయబారిని అతడున్న దేశమునకు వెలుపల నున్నవానిగా భావింపవలెనని 1625లో గ్రోషియసు ఒక కల్పన చేసెను. కాలక్రమమున ఆ కల్పన రాయబారి గడప దాటి పేటలకును, దండువిడుదులకును, రైలుదారులకును ప్రాకినది. హైదరాబాదు రాజ్యమున అది యెట్లు ప్రాకెనో, 1897లో దానికి ఎచ్చట హద్దు గీయబడెనో విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

పరదేశివర్తకులు తమ తగవులను తామే తీర్చుకొనుట పూర్వరాజులకు అవమానముగా దోచలేదు. శ్రేణులు, నైగములు, పాషండులు మొదలగువారి సమయములను రాజు కాపాడవలెనని స్మృతులు చెప్పుచున్నవి. సమయము నతిక్రమించుట మనువు నారదుడు మున్నగువారి వ్యవహారపదములలో నొకటి. అనగా, సమూహమునకు తన కట్టుబాటు గలదు; ఆ కట్టుబాటును నిలుపు దండము రాజుచేతిలో నున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244వ ప్రాంతమున మోటుపల్లిలో వేయించిన అభయశాసనమును ఇచ్చట జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. గాలివానకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వరాజులు అపహరించుచుండగా, తాను అట్లు చేయక సుంకము మాత్రమే గైకొందునని ఆ రాజు మాట యిచ్చెను. 1358లో అనపోత రెడ్డియు అచ్చటనే వర్తకులకు అభయ మొసగెను. ఈ శాసనములను కొందఱు పరదేశులకు మన రాజులిచ్చిన విముక్తులుగా వర్ణింతురు. అది సరికాదు. ఇందు వర్తకుడు రాజధర్మమునుండి తప్పింపబడలేదు. రాజధర్మమే అతనికి కవచముగా నొసగబడినది. అభయమునకును విముక్తికిని గల ఈ భేదము మఱువరాదు.

తురుష్క సుల్తానులు ఐరోపావర్తకుల కిచ్చిన కాపిట్యులేషనులు తొలుత ఇట్టి దయాశాసనములే. పేరు విని లొంగుబాటు పత్రములని భ్రమపడరాదు. అధ్యాయములుగా విభజింపబడిన పత్రమని దాని యర్థము. ఫ్రెంచివారు, ఆంగ్లేయులు, వెనీసువారు తమలోని తగవులను తమ కాన్సలుల యొద్దనే తీర్చుకొనవచ్చునని సుల్తాను అనుమతించెను. ఆ యనుమతి ఇచ్చిన సుల్తాను కాలమునకే చెల్లుచుండెను. క్రొత్త సుల్తాను సింహాసన మెక్కినపుడు మరల వేడుకొనవలసి వచ్చుచుండెను. 1740లో ఫ్రెంచివారు పొందిన పత్రము రాబోవు సుల్తానులను గూడ బంధించెను. వరము ఋణముగా మాఱినది అచ్చటనే. 1914లో తురుష్కప్రభుత్వము వానిని రద్దుచేసితి మని ప్రకటించినను, 1923లో లోసాను సంధివలన గాని ఆ ఋణము తీరలేదు.

చీనాలో ఋణము ఫిరంగులతోనే వచ్చినది. నల్లమందు యుద్ధము ముగిసిన పిమ్మట 1843నాటి యనుబంధసంధిలో ఆంగ్లేయులును, 1844లో వాంగ్షియా సంధిలో అమెరికావారును తమ ప్రజలను చీనాశిక్షలనుండి తప్పించుకొనిరి. ఈ రెండు రాజ్యములును 1943లో గాని ఆ హక్కును వదలుకొనలేదు. జపానువారి యనుభవము మఱింత తీక్ష్ణమైనది. 1886లో నార్మంటను అను ఆంగ్లనౌక మునిగినపుడు ఐరోపావారు పడవ లెక్కి బ్రతికిరి. జపానీయ ప్రయాణికు లిరువదియైదుగురును మునిగిపోయిరి. కోబేలోని ఆంగ్లకాన్సలు విచారించి నావికాధిపతి నిర్దోషి యనెను. దేశమంతయు కోపింపగా తరువాత యోకొహామాలోని ఆంగ్లన్యాయస్థానము అతనికి మూడుమాసముల శిక్ష విధించెను. జపాను శిక్షాస్మృతులను, వ్యవహారస్మృతులను ఐరోపా పద్ధతి ననుసరించి కూర్చి, న్యాయస్థానములను నెలకొల్పి, 1894లో ఆంగ్లేయులతో క్రొత్తసంధి చేసికొని, 1899లో ఈ కాన్సలు న్యాయస్థానములను తొలగించుకొన్నది. స్థానికన్యాయము నమ్మదగినది కాదనునదియే సర్వత్ర విముక్తి కోరువారి హేతువు. ఆ హేతువును తొలగింపగలిగిన రాజ్యము స్వతంత్రము కావలెను. లేనిచో ఎంత మంచి న్యాయస్థానము కట్టినను లాభము లేదు. నిజాము రాజ్యకథ యందు ఈ రెండవ సంగతియే కనబడును.

1798, 1800 సంవత్సరముల సంధులతో నిజాము ఆంగ్లేయుల సైన్యమును తన రాజ్యమున నిలుపుకొనెను. ఆ సైన్యపు విడిది చుట్టును పెరిగిన పట్టణమునకు 1806లో సికందరుజా పేర సికిందరాబాదను నామము కలిగెను. నగరప్రాకారమునకు వెలుపల, మూసీకి ఉత్తరపు టొడ్డున, కర్కుపాట్రికు దొర కట్టించిన రెసిడెన్సీ భవనము చుట్టును మఱియొక పేట పెరిగెను. దానికే రెసిడెన్సీ బజారని పేరు. మొదట అది రాయబారి పరివారమునకు ఉప్పు పప్పు లమ్ము అంగడులవరుస. రాయబారి గృహమునకు గల గౌరవము అతని సేవకులకు వ్యాపించుట ఐరోపాలోను కలదు. సేవకుల గౌరవము వారికి బియ్యమమ్ము కోమటికి, ఆ కోమటికి పెట్టుబడి పెట్టు సాహుకారునికి వ్యాపించుట మాత్రము ఇచ్చటి విశేషము. జాగీర్దారులకును, సర్కారునకును అప్పులిచ్చువారు తమ ఇనుపపెట్టెలను దివాను సేవకుల చేతి కందని చోట ఉంచుకొన గోరుట సహజము. 1814లో నేర్పడిన పామరు కంపెనీ రెసిడెన్సీ చెంతనే వ్యాపారము సాగించి నిజాము సర్కారును ఋణములలో ముంచినది. ఇట్లు పేట నిండెను. ఇంగ్లీషుచట్టములు అచ్చట చెల్లెను; రెసిడెంటే అచ్చటి వ్యాజ్యెములకు పై న్యాయాధికారి. ఒక వీధి దాటినచో చట్టము మాఱుచుండెను.

ఈ యధికారమునకు ఆధారమైన దానపత్రమేది యని యడిగినచో సూటియైన యుత్తరము దొరకదు. మనుష్యుల విషయమున మాత్రము ఒక పత్రము కలదు: 1861లో నిజాము ప్రభుత్వము ఐరోపావారును, వారి సంతతివారును చేసిన నేరములను విచారించి శిక్షించు నధికారమును రెసిడెంటున కిచ్చుచు సనదు వ్రాసెను. నేల విషయమున వాడుకయే పత్రము. 1890లో ఆంగ్లపార్లమెంటు చేసిన పరదేశాధికార శాసనము ఈ వాడుకకు శాస్త్రరూప మిచ్చెను. ఆంగ్లప్రభువునకు పరదేశములందు న్యాయాధికారము ఎట్లు కలుగునో ఆ శాసనము లెక్కించినది: సంధివలన, కాపిట్యులేషనువలన, దానమువలన, ఆచారమువలన, సహనమువలన, మఱి యితర న్యాయమార్గములవలన. 1902లో హిందూదేశ సంస్థానముల కొఱకు వెలువడిన యుత్తరువును ఇదేరీతిగా నడచినది. ఇందలి 'సహనము' అను మాటపై పండితులు కొంచెము నిలువవలెను. స్థానికరాజు ఎదుర్కొనక యూరకున్నచో, ఆ యూరకుండుటయే అధికారమునకు పుట్టినిల్లగును. వీధిలో పొరుగువాడు గోడను జానెడు ముందునకు జరిపినపుడు పలుకకున్నవాని దొడ్డి యెట్లు పోవునో అట్లే ఇదియు. దుర్బలుని మౌనమును సమ్మతిగా వ్రాసికొను ధర్మశాస్త్రము బలవంతునికి మిక్కిలి అనుకూలము.

ఇంకొక వైపు, అంతర్జాతీయధర్మమే సంస్థానములకు వర్తింపదని హిందూదేశ ప్రభుత్వము ప్రకటించెను. 1891 ఆగస్టు 21వ తేదీ గెజెటులో, మణిపుర వ్యవహారమునకు సంబంధించిన ప్రకటనయందు, రాణికిని సంస్థానములకును గల సంబంధమున అంతర్జాతీయధర్మసూత్రములకు చోటు లేదని స్పష్టముగా వ్రాయబడెను. దీని ఫలితము విచిత్రము. నేలపై న్యాయాధికారము కావలసినపుడు సంస్థానము 'పరదేశము'. పరదేశాధికార శాసనము దానికి చెల్లును. సంస్థానము తన హక్కు చెప్పుకొనినపుడు అది పరదేశము కాదు. పరదేశములకు గల ధర్మము దానికి చెల్లదు. సర్ విలియం లీవార్నరు మొదలగువారు సంస్థానములపై వ్రాసిన పెద్ద గ్రంథములు ఈ రెండు మాటల నడుమ సేతువు కట్టుటకు జేసిన ప్రయత్నములే యని చెప్పవచ్చును.

ఇట్టి స్థితిలో రైలుదారి వచ్చినది. వాడీనుండి సికిందరాబాదు వఱకు 1874లో బండ్లు నడువసాగెను. దారి పొడవునను నేల నిజాముది. కాని బండి బొంబాయి నుండి వచ్చును. బండిలో దొంగతనము జరిగినచో ఏ నేలమీద జరిగినదో చెప్పుట కష్టము. ప్రతి సంస్థానపు టెల్లయందును చట్టము మాఱినచో రైలు వ్యవహారము సాగదు. ఈ కారణముచే సంస్థానములు తమ రాజ్యములలోని రైలునేలపై న్యాయాధికారమును ఆంగ్లప్రభుత్వమున కప్పగించుట పరిపాటి యాయెను. నిజాము ప్రభుత్వమును అట్లే అప్పగించినది. ఆ యప్పగింతకు మూలము ఉభయప్రభుత్వముల నడుమ నడచిన లేఖలు.

మహమ్మదు యూసుఫుద్దీను నిజాము ప్రజ. అతడు సిమ్లాలో నేరము చేసెనని ఆరోపణ. సిమ్లా మేజిస్ట్రేటు వారంటు పుట్టించెను. ఆ వారంటుతో వచ్చినవారు అతనిని ఇంటియొద్ద పట్టుకొనలేదు. పట్టుకొనుటకు అధికారము లేదని వారెఱుగుదురు. హైదరాబాదునకు పడమటనున్న శంకరపల్లి స్టేషనులో అతనిని నిర్బంధించిరి. రైలునేల ఆంగ్లన్యాయాధికారమునకు లోబడినది గనుక ఆ నేలపై కాలుమోపిన వానిని పట్టుకొనుటకు ఆంగ్లప్రభుత్వమునకు హక్కు కలదని వారి వాదము. నిజాము ప్రభుత్వమును అడిగి, నేరస్థుల నప్పగించు పద్ధతి ననుసరించి అతనిని పొందియుండవచ్చును. ఆ కష్టము వారు పడలేదు. పంజాబు చీఫ్ కోర్టు నిర్బంధము చెల్లుననెను. యూసుఫుద్దీను లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోయెను.

1897లో ప్రీవీ కౌన్సిలు ఆ నిర్బంధము అక్రమమని తీర్పు చెప్పెను. లార్డు హాల్సుబరీ ఇచ్చిన ఆ తీర్పు యొక్క సారము మిక్కిలి సరళము. రైలునేల బ్రిటిషు ఇండియాలో నెన్నడును చేరలేదు. అది యిప్పటికిని నిజాము రాజ్యభాగమే. అచ్చట ఆంగ్లప్రభువునకు గల యధికారము నిజాము ఇచ్చినదే గాని స్వయముగా కలిగినది కాదు. ఇచ్చినది ఎంతయో లేఖలను చదివి తెలిసికొనవలెను. లేఖలలో నున్నది రైలు పరిపాలనకు సంబంధించిన న్యాయాధికారము. సిమ్లాలో జరిగినట్లు చెప్పబడిన నేరమునకును రైలునకును సంబంధము లేదు. కావున ఆ వారంటు శంకరపల్లిలో చెల్లదు. ఎంతటి ప్రభుత్వమైనను, తాను ప్రకటించిన గెజెటువలన, దాత యిచ్చిన దానికంటె ఎక్కువ పొందజాలదు.

ఈ తీర్పును నిజాము విజయముగా చెప్పుకొనుట కద్దు. అది పూర్తిగా నిజము కాదు. వ్యాజ్యెము నడపినది ఒక ప్రజ. విచారించినది ఆంగ్లేయుల న్యాయస్థానమే. నిజాము న్యాయస్థానము ఈ ప్రశ్నను విచారింపజాలక యుండెను. అయినను 1891నాటి గెజెటును, 1897నాటి తీర్పును ప్రక్కప్రక్కన నుంచి చదివినచో, రాజకీయశాఖ కాదన్న దానిని న్యాయశాఖ ఔనన్నదని తెలియును. పరరాజ్యమందలి యధికారము పత్రమును బట్టి కొలువదగినదే యను అంతర్జాతీయధర్మపు మూలసూత్రము, ఆ పేరు పలుకకయే, శంకరపల్లి స్టేషనులో నిలిచినది. వాడుకనుండియు మౌనమునుండియు అధికారము పుట్టునను వాదమును ఎదుర్కొనదలచినవారికి తరువాత ఇది యొక ఆధారమైనది.

అయితే రాజకీయశాఖ తన మాట మానుకొనలేదు. బీరారు నిదర్శనము. 1853లో ఆంగ్లేయుల వశమై, 1902లో శాశ్వతపు కౌలుగా మాఱిన ఆ మండలము పేరునకు నిజాము రాజ్యము. పాలన సర్వము ఆంగ్లేయులది. దానిని మరల నిమ్మని మీర్ ఉస్మానలీఖాను వాదింపగా, 1926 మార్చి 27న లార్డు రీడింగు వ్రాసిన ప్రత్యుత్తరములో, ఆంగ్లప్రభువుతో సమానస్థానమున నిలిచి వాదించు హక్కు ఏ సంస్థానాధిపతికిని లేదనియు, ఆ ప్రభువు పరమాధికారము సంధులపై మాత్రమే ఆధారపడినది కాదనియు చెప్పెను. ఈలోపున హైదరాబాదులో న్యాయవ్యవస్థ ఎంతయో మాఱినది. మొదటి సాలారుజంగు కాలమునుండి న్యాయస్థానములు క్రమబద్ధము లాయెను. 1920లో మూసీ దక్షిణపు టొడ్డున హైకోర్టునకు గొప్ప భవనము వెలసెను. న్యాయశాఖ కార్యనిర్వాహకశాఖనుండి వేఱుపడెను. జపాను చేసిన పనులలో చాలవఱకు హైదరాబాదును చేసెను. జపానునకు 1899లో కలిగిన ఫలము దీనికి కలుగలేదు. రెసిడెన్సీ బజారు మాత్రము 1933లో నిజాము పాలనకు తిరిగి వచ్చి సుల్తాను బజారను పేర నిలిచినది. సికిందరాబాదు కంటోన్మెంటు ఆ తరువాతను ఆంగ్లేయుల యొద్దనే యుండెను.

రెసిడెన్సీ బజారును గూర్చి తెలుగువారు చెప్పుకొనవలసిన మాట ఇంకొకటి యున్నది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నేటికిని సుల్తాను బజారుననే యున్నది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, నాయని వేంకట రంగారావు, రావిచెట్టు రంగారావు మొదలగువారి కృషివలన పుట్టిన ఆ సంస్థ, ఉర్దూ రాజభాషగా నున్న రాజ్యమున తెలుగు చదువరులకు తొలి నిలువనీడలలో నొకటి. ఆ చెంతనే వివేకవర్ధిని నాటకశాలలో 1921 నవంబరులో జరిగిన సభయందు తెలుగులో మాటలాడిన ఆలంపల్లి వేంకట రామారావును కొందఱు అల్లరిచేసి కూర్చుండబెట్టగా, ఆ యవమానమునుండి ఆంధ్ర జనసంఘము పుట్టెను. తరువాతికాలమున సభలకు ముందుగా అనుమతి పొందవలెనని నిజాము ప్రభుత్వము గస్తీ నిషాను 53 అను ఉత్తరువు చేసినది. రెసిడెన్సీ పేటలో నిజాము ఉత్తరువులు 1933 వఱకు న్యాయముగా చెల్లవు. పరాయివాని గోడ మనవారి దీపమునకు గాలి మఱుగైనదని కొందఱు సంతసింతురు. ఆ గోడ సాహుకారుల పెట్టెలను గాచుటకు పెరిగినది గాని తెలుగుపుస్తకములకై కట్టినది కాదు. పేట తిరిగివచ్చిన నాడు నిజాము ప్రభుత్వమునకు గౌరవము పెరిగినది; అచ్చట సభలు చేసికొనువారికి కష్టము పెరిగినది. రెండును సత్యములే. విముక్తి తొలగుట ఎల్లరకు ఒకేవిధముగా లాభమని చరిత్రకారుడు వ్రాయజాలడు.

మచిలీబందరులో ఇందుకు ఎదురుబొమ్మ వంటి దొకటి యుండెను. ఆంగ్లేయుల నడియూర ఫ్రెంచిపేట యను చిన్ననేల ఫ్రెంచివారిది. అచ్చట వారికి గలది రాజ్యాధికారమా, ఒట్టి స్థలాధికారమా యను తగవు రెండు ప్రభుత్వముల నడుమ చిరకాలము నలిగెను. నిజాము రాజ్యములో వాడుకయే చాలునన్న ఆంగ్లప్రభుత్వము, తన నేలపై ఫ్రెంచివారి వాడుకను మాత్రము పత్రమేదియని నిలదీసినది. 1947 అక్టోబరులో ఫ్రెంచివారు ఆ పేటను హిందూదేశమున కప్పగించిరి.

అంతకు రెండు మాసములకు ముందే హైదరాబాదు విషయము ముగిసియుండెను. 1947నాటి హిందూదేశ స్వాతంత్ర్యశాసనము ఏడవ విధి, సంస్థానములపై ఆంగ్లప్రభువునకు సంధివలన, దానమువలన, ఆచారమువలన, సహనమువలన, మఱి యే విధముననైనను కలిగిన న్యాయాధికారములన్నియు ఆగస్టు 15న అంతరించునని చెప్పెను. 1890లో అధికారమును పుట్టించిన మాటలలో ముఖ్యమైనవి అంతరింపజేయుటకును అక్కఱకు వచ్చినవి. అధికారము హిందూదేశ ప్రభుత్వమునకు సంక్రమింపలేదు, దాతకు మరలినది. నవంబరు 29న యథాస్థితి యొడంబడిక జరిగెను. 1948 సెప్టెంబరులో హిందూదేశసైన్యము రాజ్యమున ప్రవేశించుటతో ఆ దాత స్వతంత్రతయు ముగిసెను. కర్కుపాట్రికు కట్టించిన భవనమున 1949లో స్త్రీల కళాశాల నెలకొన్నది. 2022లో అదియే మహిళా విశ్వవిద్యాలయ మైనది.